అల్లిక తాడు మీటర్లకొద్దీ పోగైంది: కడియాలు, కీచైన్లు కాకుండా ఇంకేం చేయొచ్చు?

నల్లగొండ నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది. నాలుగు కొక్కేల తిప్పుడు మిషన్ మీద ఊలు తాడు అల్లడం వచ్చిందట, డబ్బాలో ఇరవై మీటర్ల దాకా పోగైందట. పిల్లల చేతులకు కడియాలు, బండి తాళాలకు కీచైన్లు అయిపోయాక ఇంకేమీ తోచడం లేదు. సంచికి పట్టీగా కుడితే రెండు రోజులకే సాగి మోకాళ్ల దాకా వేలాడింది. బతుకమ్మ పండుగ నాటికి నాలుగు రూపాయలు వచ్చే వస్తువులు ఏమైనా చేయగలనా అని అడిగారు.

చేయొచ్చు. ముందు సూటిగా జవాబు చెప్తాను. ఆ తాడును బరువు మోయడానికి వాడకండి, గీత గీయడానికి వాడండి. చుట్టలు చుట్టి కుడితే చాపలు, బుట్టలు అవుతాయి. బట్ట మీద పరిచి కుడితే ముగ్గులవుతాయి. లోపల తీగ దూరిస్తే తెలుగులో పేర్లు రాయొచ్చు. బట్టల అంచులకు, జాకెట్ల డోరీలకు పనికొస్తుంది. వీటిలో అమ్ముడుపోయేవి నా లెక్కలో రెండే, పేర్లూ ముగ్గులూ. మిగతావి ఇంట్లో వాడుకోవడానికి, చేయి తిరగడానికి మంచివి.

నేను పాలమూరులో ఆడపిల్లలకు కుట్టు, అల్లిక నేర్పుతాను. ఈ తాడు దగ్గరికి వచ్చేసరికి అందరూ మీరు ఆగిన చోటే ఆగుతారు. తాడు అల్లడం సులువు, చేతులు వాటంతట అవే తిరుగుతుంటాయి, టీవీ చూస్తూ కూడా మీటర్లకొద్దీ అల్లేస్తారు. ఆ తర్వాత దాన్ని ఏం చేయాలో తెలియదు. అందుకే వస్తువు ముందు అనుకుని, దానికి తగ్గ దారం, రంగు, పొడవు చూసుకుని అప్పుడు అల్లమంటాను.

మీ సంచి పట్టీ ఎందుకు సాగింది? అల్లిక అంటే ఒకదాంట్లో ఒకటి దూరిన ఉంగరాలు. బరువు పడగానే ప్రతి ఉంగరం నిలువుగా సన్నబడి పొడవవుతుంది. పేనిన తాడులో పోగులు పొడవునా ఉంటాయి, సాగడానికి వాటిలో చోటు లేదు. నూతి తాడు నిలబడి అల్లిక తాడు జారిపోవడం అందుకే. మీ తప్పేం లేదు, అది దాని గుణం. దానికి మందు కూడా ఉంది. మంచాలకు నేసే నవారు కొంచెం కొని, సంచికి పట్టీగా గట్టిగా కుట్టండి. మీ తాళ్లు రెండు మూడు పక్కపక్కన పెట్టి దాని మీద కుట్టండి. బరువు నవారు మోస్తుంది, అందం తాడు మోస్తుంది. లేదంటే మేకుల కండె (మధ్యలో బొక్క, పైన చుట్టూ మేకులు ఉన్న అల్లిక గొట్టం) మీద అల్లేటప్పుడే మధ్య బొక్కలోంచి సన్న నూలు తాడును కిందికి జార్చి పెట్టుకోండి. అల్లిక దాని చుట్టూ గొట్టంలా వచ్చి లోపల నూలు తాడు ఉండిపోతుంది. తిప్పుడు మిషన్ కంటే మేకుల కండె మీద ఇది తేలిక.

చుట్టలు చుట్టడం

అందరూ మొదట చేసేది ఇదే. టీ గ్లాసుల కింద పెట్టే బిళ్లలు, పూజ దగ్గర ఆసనం, పూలకుండీ కింద చాప. ఇక్కడ ఎక్కువమంది చిక్కుకునేది పొడవు దగ్గర. సగం చాప అయ్యాక తాడు అయిపోతుంది, అదే రంగు మళ్లీ దొరకదు. దీనికి చిన్న లెక్క ఉంది. తాడు మందం 8 మిల్లీమీటర్లు ఉంటే, చాప అడ్డుకొలతను సెంటీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించండి, కావలసిన తాడు అన్ని సెంటీమీటర్లు. అంటే 10 సెంటీమీటర్ల గ్లాసు బిళ్లకు 100 సెంటీమీటర్లు, 20 సెంటీమీటర్ల పళ్లెం చాపకు 400, అంటే 4 మీటర్లు. అడ్డుకొలత రెట్టింపైతే తాడు నాలుగు రెట్లు పడుతుందని ఇందులోనే తెలిసిపోతుంది. తాడు సన్నగా ఉంటే ఇంకా ఎక్కువ కావాలి. తిప్పుడు మిషన్ తాడు సాధారణంగా 5 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వస్తుంది. దానితో 10 సెంటీమీటర్ల బిళ్లకు మీటరున్నరకు కాస్త పైనే పడుతుంది. మీ ఇరవై మీటర్లూ ఒకే చాపకు పెడితే 36 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. పీట మీదికి సరిపోతుంది, నేల మీద కూర్చోవడానికి చాలదు. కుట్టేటప్పుడు బిగుతును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది కాబట్టి ఒక మూర అదనంగా ఉంచుకోండి.

కుట్టేటప్పుడు ఒళ్లో పెట్టుకోకండి. బల్ల మీదో పీట మీదో పరిచి, బల్లకు ఆనించే కుట్టండి. చేతిలో పట్టుకుని కుడితే బయటి చుట్టు తెలియకుండానే బిగిసి చాప గిన్నెలా వంగుతుంది. మరీ వదులుగా పెడితే అంచు అప్పడంలా అలలు తిరుగుతుంది. వెనక వైపు నుంచి సూది పెట్టి, లోపలి చుట్టులో ఒక ఉంగరం, బయటి చుట్టులో ఒక ఉంగరం పట్టుకుంటూ పోవాలి. కుట్టు బిగించి లాగొద్దు, తాడు తాడుకు తగిలితే చాలు. ఊలు రంగు మిషన్ దారం జంటపోగుగా తీసుకుంటే కుట్టు కనిపించదు. గ్లూ గన్‌తో అంటించేవాళ్లను చూశాను. కొత్తలో బాగుంటుంది, మన ఎండల్లో ఆ జిగురు మెత్తబడి ఊడొస్తుంది, పైగా చాప అట్టలా బిరుసెక్కుతుంది. కుట్టడమే మంచిది.

గిన్నెలా వంగడాన్నే కావాలని వాడుకుంటే బుట్ట అవుతుంది. అడుగు చదునుగా కావలసినంత వచ్చాక, తర్వాతి చుట్టును పక్కన కాకుండా పైన కూర్చోబెట్టి కుట్టండి. గోడ నిలువుగా లేస్తుంది. మిషన్ మీద అల్లిన సన్న తాడుతో బుట్ట చేస్తే గోడ కూలబడుతుంది. బుట్టకు లోపల నూలు తాడున్న గట్టి అల్లిక కావాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అక్రిలిక్ ఊలుతో చేసిన చాపను పొయ్యి మీది గిన్నె కింద పెట్టకూడదు. బజారులో మనకు దొరికే రంగురంగుల ఊలు ఉండల్లో చాలావరకు అక్రిలిక్కే, అది వేడికి కరిగి గిన్నె అడుక్కి అంటుకుంటుంది. దీపం పక్కన వేలాడదీయడం, నేరుగా ఇస్త్రీ చేయడం కూడా వద్దు. వేడి వస్తువుల కిందికి నూలు దారంతోనో, పాత నూలు చీర పేలికలతోనో అల్లిన తాడే వాడాలి. ఏది నూలో ఏది అక్రిలిక్కో తెలియకపోతే చిన్న ముక్క చిమటాతో పట్టుకుని, పక్కన నీళ్ల గిన్నె పెట్టుకుని, అంటించి చూడండి. నూలు కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, అక్రిలిక్ కరిగి నల్లటి గట్టి గుండుగా మిగులుతుంది. పిల్లలు లేనప్పుడు ఆరుబయట చేయండి.

మెలికల ముగ్గు

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇది. తిప్పుడు ముగ్గు అనండి, మెలికల ముగ్గు అనండి, చుక్కల చుట్టూ ఎక్కడా తెగకుండా తిరిగే గీత కదా. అల్లిక తాడూ తెగని గీతే. నల్ల బట్ట మీదో మట్టిరంగు ఖద్దరు మీదో తెల్ల తాడుతో ముగ్గు పరిచి, చుక్కల చోట గవ్వలో తెల్ల పూసలో కుడితే వాకిట్లో ముగ్గు గోడకెక్కినట్టుంటుంది. దిండు గలీబు మీద, సంచి మీద, చట్రం కట్టి గోడ మీద, ఎక్కడైనా పెట్టొచ్చు.

ఏ ముగ్గు ఒకే తాడుతో అవుతుందో ముందు తెలుసుకోవాలి. అంచుల దగ్గర మాత్రమే మలుపు తిరుగుతూ, చుక్కల మధ్య నుంచి ఏటవాలుగా పోయే సాదా మెలికల ముగ్గుకు ఒక సూత్రం ఉంది. అడ్డం చుక్కలు, నిలువు చుక్కలు ఈ రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో, అన్ని వేర్వేరు గీతలు వస్తాయి. మూడు వరుసల్లో మూడేసి చుక్కలు పెడితే మూడు గీతలు. మూడు వరుసల్లో నాలుగేసి పెడితే ఒక్కటే గీత. నాలుగు వరుసల్లో ఆరేసి పెడితే రెండు. కాబట్టి మొదటిసారి మూడు వరుసలు, నాలుగేసి చుక్కలు పెట్టుకోండి, ఒకే తాడు మొదలుపెట్టిన చోటికి వచ్చి కలుస్తుంది. రెండు రంగులు కావాలంటే నాలుగు, ఆరు పెట్టుకోండి. బడిలో నేర్చిన లెక్కలు ఇక్కడ పనికొచ్చాయని మా పిల్లలు నవ్వుతారు.

చుక్కల మధ్య దూరం 5 సెంటీమీటర్లు పెడితే మూడు నాలుగు ముగ్గు 15 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. తాడు మీటరు డెబ్బై దాకా పడుతుంది, మలుపులకు, అతుకుకు కలిపి 2 మీటర్లు ఉంచుకోండి. ఇంకా దగ్గరగా చుక్కలు పెట్టొద్దు, తాడు మందానికి మలుపులు మూసుకుపోయి ముద్దవుతుంది.

చేసే పద్ధతి: టైలర్ చాక్‌తో చుక్కలు, గీత రెండూ బట్ట మీద గీయండి. తాడును గీత మీద పరుస్తూ గుండుసూదులు గుచ్చుకుంటూ పోండి. గీతలు దాటుకునే చోట ఒకసారి పైనుంచి, మరోసారి కిందనుంచి పోనివ్వాలి. ఈ మూడు నాలుగు ముగ్గులో అలాంటి చోట్లు 17 ఉంటాయి. వరసగా పైన, కింద, పైన, కింద అని అనుకుంటూ పోతే ఎక్కడా తేడా రాదు. తేడా వచ్చిందంటే ఎక్కడో దాటు ఒకటి తప్పిపోయారన్నమాట, వెనక్కి పోయి చూడండి. తాడును సాగదీసి పరచకండి, కుట్టాక వెనక్కి లాక్కుని బట్టను ముడతలు పెడుతుంది. కుట్టు బట్ట కింది నుంచి రావాలి, తాడు అడుగు ఉంగరాలను మాత్రమే పట్టుకోవాలి.

చివరలు కలపడంలోనే పనితనం తెలిసేది. తాడు మొదలు, చివర ఒకదాని పక్కన ఒకటి పెట్టి కుడితే గడ్డ కడుతుంది. చివర ముడి వేయకుండా ఉంగరాలు తెరిచే ఉంచి, ఒక్కో ఉంగరాన్ని మొదటి వరుసలోని ఉంగరంతో సూదితో కలపండి. గొట్టానికి గొట్టం అతుకుతుంది. ఆ అతుకును ఏదైనా దాటు కిందికి పడేలా చూసుకుంటే మీకు తప్ప ఎవరికీ తెలియదు.

తీగతో తెలుగు పేర్లు

తాడులో తీగ దూర్చి ఇంగ్లీషు అక్షరాలతో పేర్లు రాసేవాళ్లున్నారు. కలిపిరాత కాబట్టి వాళ్లకు పేరంతా ఒక్క తీగలో అయిపోతుంది. మనకు అలా కుదరదు. కానీ మన అక్షరాలు గుండ్రటివి, తీగ వంపులకు బాగా లొంగుతాయి. చిక్కంతా తలకట్లు, గుణింతపు గుర్తులు, వత్తుల దగ్గర. వాటిని విడి ముక్కలుగా చేసి కలపాలి.

మొదటి పేరుకు తలకట్టు లేని అక్షరాలు ఎంచుకోండి. జ, ట, బ, ల లాంటివి. తర్వాత తలకట్టు ఉన్నవాటికి రండి. అందరూ అడిగేది ‘శ్రీ’, అన్నిటికంటే కష్టమైనదీ అదే, వత్తూ గుడిదీర్ఘమూ ఒక్క అక్షరానికే వచ్చి పడతాయి. చేయి తిరిగేదాకా ఒప్పుకోకండి. ‘అమ్మ’ మంచి మొదలు. అ దాదాపు ఒకే తీగలో తిరుగుతుంది, మ మీద తలకట్టు, కింద వత్తు, ఈ రెండే అతుకులు. పండుగలప్పుడు బాగా పోయే మాట కూడా.

కావలసిన పరిమాణంలో పేరును చార్టు కాగితం మీద మీ చేత్తోనే రాయండి. కంప్యూటర్ అక్షరాల్లో సన్నం లావు తేడాలు ఎక్కువ, తాడు అంతటా ఒకే మందం, అందుకే చేతిరాతే నయం. గీత మీద మామూలు దారం పరిచి పొడవు కొలవండి. తీగ అల్యూమినియంది, 2 మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకుంటే చేత్తో వంగుతుంది, వంచినట్టే నిలుస్తుంది. సెంట్రింగ్ పనికి వాడే నల్ల తీగ చవకే కానీ తుప్పు పట్టి లేతరంగు ఊలు మీద మరకలు తేలుతుంది. తీగ కొనను కటింగ్ ప్లేయర్‌తో చిన్న గుండ్రంగా మడవండి, లేకపోతే దూర్చేటప్పుడు ప్రతి ఉంగరానికీ తట్టుకుని పోగులు లాగుతుంది. తీగ పూర్తిగా దూర్చేదాకా తాడు చివర ముడి వేయకండి. పొడవు చాలకపోతే ఇంకో నాలుగు వరుసలు అల్లొచ్చు, ఎక్కువైతే విప్పొచ్చు. తాడు తీగ కంటే ఒక పిసరు పొట్టిగా ఉండి సాగి కూర్చుంటే నున్నగా కనిపిస్తుంది. పొడవుగా ఉంటే వంపుల లోపల ముడతలు పడుతుంది.

వంచడం తీగ దూర్చాకే, కాగితం మీద పెట్టి. మొదట పెద్ద వంపులు, తర్వాత చిన్నవి. వత్తులూ తలకట్లూ అదే రంగు దారంతో నాలుగైదు కుట్లు వేసి అంటించాలి. ఒక్క కుట్టుతో వదిలేస్తే వత్తు తిరిగిపోయి వేరే మాట అవుతుంది. పొడవు పేర్లకు వెనక సన్న వెదురు పుల్ల అడ్డంగా కడితే అక్షరాలు వరస తప్పవు.

ఉయ్యాల వేడుకకు పసిపిల్లల పేర్లు అడుగుతారు. చేసివ్వండి, కానీ గోడకు తగిలించమని చెప్పండి. ఉయ్యాలకు కట్టొద్దు. తీగ కొనలు, పొడవైన తాళ్లు పసివాళ్ల చేతికి అందే చోట ఉండకూడదు. పిల్లల మెడలో గట్టి ముడితో తాడు దండలు వేయడం కూడా నాకు నచ్చదు.

బట్టల మీద

ఇది త్వరగా చెప్తాను, టైలరింగ్ వచ్చినవాళ్లకు తెలిసిందే. జాకెట్ వెనక డోరీకి మిషన్ తాడు చక్కటి కొలత. లోపల సన్న నూలు దారం లేకపోతే సాయంత్రానికి వదులైపోతుంది. చెమటకు అక్రిలిక్ గుచ్చుకుంటుంది కాబట్టి నూలు దారమో సిల్కు దారమో వాడండి. పాత గద్వాల చీర పట్టు అంచు, పోచంపల్లి బట్ట ముక్కలు సంచులుగా కుట్టేటప్పుడు అంచున ఈ తాడు పెడితే పీచు లేవడం ఆగుతుంది, సంచికి ఆకారం వస్తుంది. పోచంపల్లి బట్టలో ఇన్ని రంగులుంటాయి కదా, అంచుకు మాత్రం ఒకే రంగు పెట్టండి, అందులో అన్నిటికంటే తక్కువగా కనిపించే రంగు.

మగ్గాల ఊళ్లలో తెలిసినవాళ్లుంటే కట్టి రంగులద్దిన పోగులు మిగిలినవి అడిగి చూడండి. తాడు అల్లితే చీరలో ఉండే నమూనా రాదు. ఒక్కో వరుసకు కొద్దిపాటి దారమే పడుతుంది కాబట్టి ప్రతి రంగూ ఒక కట్టులాగా పడి, తాడంతా గాజులు వేసినట్టు వస్తుంది. ఒక్క పోగు మరీ సన్నం, ఐదారు పోగులు కలిపి అల్లాలి.

గొంగడి నేసే ఉన్ని దారం గురించి కూడా అడుగుతుంటారు. మన దక్కనీ గొర్రెల ఉన్ని బిరుసు, చేత్తో వడికిన దారం ఎక్కడ లావు, ఎక్కడ సన్నం ఉంటుందో చెప్పలేం. తిప్పుడు మిషన్‌లో వేస్తే కొక్కేలు పట్టేస్తాయి. మేకుల కండె మీద నెమ్మదిగా అల్లితే ఆ నల్లటి, బూడిదరంగు తాడు చాలా హుందాగా ఉంటుంది. కుండీల చుట్టూ, దీపపు స్తంభానికి కాదు సుమా, అద్దం చట్రం చుట్టూ బాగుంటుంది. ఒంటికి తగిలే వస్తువులకు వద్దు, దురద.

తంగేడు పూల తోరణం

పండుగ కోసం అన్నారు కాబట్టి ఇది చెప్తున్నాను. తంగేడు పువ్వుకు ఐదు పసుపు రెక్కలు. 30 సెంటీమీటర్ల పసుపు తాడు తీసుకుని ఐదు మడతలు తిప్పి మధ్యలో కుడితే పువ్వు అయిపోతుంది. నడుమ గోధుమరంగు దారంతో నాలుగు పోగులు తేల్చండి, అసలు పువ్వులోనూ కేసరాలు అలాగే ఉంటాయి. గునుగు కావాలంటే తెల్ల తాడు ముక్క తీసుకుని కొన విప్పి, దువ్వెనతో దువ్వి, పై కొనకు గులాబీ రంగు కొంచెం అద్దండి. బంతికి నారింజ తాడును చుట్టలు చుట్టకుండా వేలి మీద పది పన్నెండు సార్లు తిప్పి నడుం కట్టేస్తే చాలు. వీటిని గుమ్మానికి కట్టుకోవచ్చు, తాంబాళం అంచుకు అలంకారంగా పెట్టుకోవచ్చు. బతుకమ్మను మాత్రం అసలు పూలతోనే పేర్చండి. ఊలు పూల బతుకమ్మ చెరువులో వేస్తే ఆ అక్రిలిక్ ఎన్నేళ్లకూ కుళ్లదు.

బతుకమ్మకు నిజంగా పనికొచ్చేది ఇంకొకటి ఉంది, సుట్టకుదురు. తల మీద తాంబాళం, బోనం నిలబడడానికి కింద పెట్టుకునేది. దీనికి మీ మిషన్ తాడు సరిపోదు, లావు తాడు కావాలి. పాత నూలు చీర తీసుకోండి, నారాయణపేట చీరైనా ఏదైనా, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు పేలికలు నిలువునా చించండి. ఐదున్నర మీటర్ల చీర నుంచి దాదాపు 250 మీటర్ల పేలిక వస్తుంది. ఒకటిన్నర అంగుళాల పీవీసీ పైపు ముక్క చుట్టూ నాలుగు ఐస్‌క్రీం పుల్లలు టేపుతో గట్టిగా చుడితే లావు కండె తయారు. దాని మీద అల్లిన తాళ్లు మూడు తీసుకుని జడ అల్లి, ఉంగరంలా తిప్పి కొనలు కుట్టేయండి. లోపలి ఖాళీ ఎంత ఉండాలో మోసేవాళ్ల తల మీద పెట్టి చూసుకోవడమే. ఇక్కడ బరువు తాడును లాగదు, నొక్కుతుంది, అందుకే సాగుతుందనే భయం లేదు. అక్రిలిక్‌తో మాత్రం చేయకండి, జుట్టు మీద జారుతుంది.

అమ్మకం సంగతి

తాడును మీటర్ల లెక్కన అమ్మాలని చూడకండి, ఎవరూ కొనరు, కొన్నా ఊలు ఖరీదే రాదు. టీ బిళ్లల్లో పోటీ ఎక్కువ, మిషన్‌తో చేసినవి చవగ్గా దొరుకుతాయి. పేర్లకు పోటీ లేదు, ఎందుకంటే ఎవరి పేరు వాళ్లకే కావాలి, ముందే చేసి గుట్టలు పోసేది కాదు. తెలుగులో చేసేవాళ్లు ఇంకా తక్కువ. అక్షరాల లెక్కన ధర చెప్పండి, వత్తులను కూడా అక్షరంగానే లెక్కపెట్టండి. పని అంతా వాటిలోనే ఉంది. సగం డబ్బు ముందే తీసుకోండి, ఇంకొకరి పేరున్న వస్తువు మీ ఇంట్లో మిగిలితే దేనికీ పనికిరాదు. స్పెల్లింగ్ కాగితం మీద రాయించుకోండి. దీర్ఘం ఉందో లేదో ఫోన్లో విని మొదలుపెట్టొద్దు.

మీ దగ్గరున్న ఇరవై మీటర్లతోనే మొదలుపెట్టాలంటే నేనైతే ఇలా పంచుతాను. రెండు మీటర్లు ఒక ముగ్గుకు. ఓ నాలుగు మీటర్లు రెండు మూడు పేర్లకు, నమూనాలుగా చూపించడానికి ‘అమ్మ’ ఒకటి, మీ ఇంటిపేరు ఒకటి. ఆరు మీటర్లతో ఇరవై పూలు, అది పసుపు తాడైతేనే. మిగిలింది టీ బిళ్లలకు, చుట్టడం మీద చేయి కుదరడానికి. రంగులు కలగాపులగంగా ఉంటే అన్నీ బిళ్లలకే పోనివ్వండి.

ఎరుపు, నలుపు, ముదురు నీలం నూలు దారాలు కొన్నప్పుడు తడి తెల్లగుడ్డతో రుద్ది చూశాకే తెల్ల బట్ట మీద కుట్టండి. గుడ్డకు రంగు అంటితే ఉప్పు నీళ్లలో నానబెట్టమని చెప్పేవాళ్లుంటారు, దాన్ని నమ్ముకుని అమ్మే వస్తువు చేయొద్దు. ఆ దారాన్ని ముదురు బట్టకు వాడుకోండి. కత్తిరించిన తాడు ముక్కలు ఒక సంచిలో వేసి ఉంచుకుంటే సుట్టకుదురు మధ్యలో కూరడానికి పనికొస్తాయి.